అప్‌డేట్ కాకుంటే ముద్ర పీకేసుడేనా?

2025 అక్టోబర్ 14తోని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ బంద్ పెట్టింది. పైసలు కట్టో, సెట్టింగ్స్ వాళ్ల క్లౌడ్‌ల బ్యాకప్ పెట్టో ఇంకో ఏడాది నెట్టుకరావచ్చు గాని, ఆ గడువు గూడ 2026 అక్టోబర్ దాకనే. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే చిప్ కావాలె, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు 8వ తరం నుంచి పైకి ఉండాలె. మన ఊర్లల్ల డిగ్రీ, పాలిటెక్నిక్, బీటెక్ చదివే పిల్లల చేతులల్ల ఉన్నయేమో ఎక్కువ సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు. సికింద్రాబాద్ సీటీసీలనో, జిల్లా కేంద్రంల ఏదన్న రిపేర్ షాపులనో కొన్నయి. మంచిగ నడుస్తున్న మిషన్‌ను ఒక కంపెనీ కాగితం మీద ముసల్ది చేసిపెట్టింది.

అందుకే చానమంది పోరగాళ్లు లినక్స్ దిక్కు మళ్లుతున్నరు. మంచిదే. ఉబుంటునో, మింట్‌నో వేసుకుంటే పదేండ్ల కిందటి ల్యాప్‌టాప్ గూడ గుర్రం లెక్క ఉరుకుతది. కాని ఆరు నెలలో, ఏడాదో పోయినంక ఒకనాడు అప్‌డేట్ కొడితే తెర మీద ఎర్ర రాతలు పడుతయ్. కొత్త సాఫ్ట్‌వేర్ దిగదు, పాతది మారదు. అప్పుడు పిలగాడు చేసే పని ఒక్కటే, ఆ ఎర్రర్ కాపీ కొట్టి యూట్యూబ్‌ల వెతుకుడు. ఆడ ఎవడో ఒకడు మూడు లైన్లు టైప్ చెయ్యమంటడు. చేస్తే ఎర్ర రాతలు మాయమైతయ్. వీడియోకు లైక్ కొట్టి పని అయిపోయిందనుకుంటడు.

ఆ మూడు లైన్లతోని ఏం పోయిందో చెప్పుటానికే ఈ వ్యాసం. ఎందుకంటే నా దగ్గరికి వచ్చిన ల్యాప్‌టాప్‌లల్ల సగానికి సగం ఇట్ల 'రిపేర్' అయినయే.

ముందుగాల ఈ ప్యాకేజ్ మేనేజర్ అంటే ఏందో జర చూద్దాం. ఫోన్‌ల ప్లేస్టోర్ ఎట్లనో, లినక్స్‌ల ఇది అట్ల. ఉబుంటు, డెబియన్, మింట్, కాలీలల్ల దీని పేరు ఆప్ట్. రెడ్‌హ్యాట్ దిక్కు యమ్, డీఎన్ఎఫ్ అంటరు. ఇది రెండు పనులు చేస్తది. 'అప్‌డేట్' అంటే సామాను తెచ్చుడు కాదు, గోదాముల ఏమేం ఉన్నయో ఆ లిస్టు తెచ్చుకునుడు. 'అప్‌గ్రేడ్' అంటే ఆ లిస్టు చూసుకొని సామాను తెచ్చుడు. చానమందికి ఈ తేడానే సమజ్ కాదు. అప్‌డేట్ ఫెయిల్ అయిందంటే లిస్టే రాలేదన్నట్టు. లిస్టు రాలేదంటే గోదాము ఆడ లేకపోవచ్చు, దారిల ఎవడో అడ్డం ఉండొచ్చు, లేదంటే లిస్టు మీది ముద్ర సరిపోకపోవచ్చు.

ముద్ర సంగతే అసలు సంగతి. మనకు పత్తి విత్తనాల కథ తెలుసు కద. ప్యాకెట్ మీద కంపెనీ పేరు, లాట్ నంబర్, ట్యాగు ఉంటయ్. ట్యాగు లేకుండ సంచులల్ల వచ్చే లూజ్ విత్తనం అగ్గువకు దొరుకుతది, ఊరికే దొరుకుతది, మొలుస్తది గూడ. కాత టైంకు తెలుస్తది ఎవడు ముంచిండో. ఆప్ట్ గూడ ట్యాగు చూసే కొంటది. గోదాముల ఉన్న ప్రతి ప్యాకేజీకి ఒక లెక్క గుర్తు ఉంటది. ఆ గుర్తులన్ని ఒక లిస్టుల ఉంటయ్. ఆ లిస్టుల గుర్తులు మల్ల 'రిలీజ్' అనే ఒక ఫైల్‌ల ఉంటయ్. ఆ ఒక్క రిలీజ్ ఫైల్ మీద డెబియన్ వాళ్లో, ఉబుంటు వాళ్లో తమ తాళంచెవితోని సంతకం పెడ్తరు. ఆ సంతకం నిజమైతే కింద ఉన్న వేల ప్యాకేజీలు నిజమైనట్టు. ఒక్క అక్షరం మారినా లెక్క తప్పుతది, ఆప్ట్ ఆగుతది.

ఇంకో ముచ్చట. ఉబుంటు లిస్టులు, సామాను ఇప్పటికీ ఎక్కువ మామూలు హెచ్‌టీటీపీ మీదనే వస్తయ్. బ్యాంకు సైట్లకు ఉండే తాళం గుర్తు ఆ దారిల ఉండదు. ఇది నిర్లక్ష్యం కాదు, కావాలని పెట్టుకున్న ఏర్పాటే. దారి ఎవనిదైనా పర్వాలేదు, సామాను మీద ముద్ర సరిగ్గ ఉంటే చాలు అన్నది వాళ్ల లెక్క. దాంతోని ప్రపంచంల ఏ కాలేజైనా, ఏ కంపెనీ అయినా ఒక కాపీ పెట్టి జనానికి పంచొచ్చు. వాటిని మిర్రర్లు అంటరు. అయితే ఈ ఏర్పాటు మొత్తం ముద్ర మీదనే నిలబడ్డది. యూట్యూబ్ అన్న చెప్పిన మూడు లైన్లల్ల 'ట్రస్టెడ్ ఈక్వల్ టు ఎస్' అనో, 'అలో అన్‌ఆథెంటికేటెడ్' అనో ఉన్నదనుకో, ఇగ ఆప్ట్ ముద్ర చూసుడు ఇడ్సిపెడ్తది. అప్పటి నుంచి హాస్టల్ వైఫైల పక్క రూమ్ వాడు మధ్యల సామాను మార్చి పంపినా కిక్కురుమనకుండ లోపలికి తీసుకుంటది. అదీ అడ్మిన్ హక్కులతోని. తాళం రావట్లేదని దర్వాజనే పీకేసినట్టు అయితది.

మరి ఎర్ర రాతలు ఎందుకు వస్తయ్? నాకు కనబడ్డ వాటిల ఎక్కువ కారణాలు మన ఊరి బతుకుల నుంచే వచ్చినయి. పుస్తకాలల్ల ఇవి ముందుగాల చెప్పరు.

ఒకటి, గడియారం. పాత ల్యాప్‌టాప్‌ల మదర్‌బోర్డు మీద గుండ్రటి చిన్న బ్యాటరీ ఉంటది, సీమోస్ బ్యాటరీ అంటరు. అది సచ్చిపోతే ల్యాప్‌టాప్ ఆపి ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఎన్కకు పోతది. ఆప్ట్ లిస్టు తెచ్చి చూస్తే అది ఇయ్యాల్టి తేదీతోని ఉంటది, ల్యాప్‌టాప్ ఏమో ఇంకా పాత సంవత్సరంలనే ఉన్ననంటది. భవిష్యత్తు నుంచి వచ్చిన కాగితాన్ని నమ్మొద్దని 'రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వ్యాలిడ్ యెట్' అని ఆగుతది. తేదీ సరిచేస్తే అయిపోతది. కొత్త బ్యాటరీ వేయిస్తే మల్ల రాదు. దీనికి కూడ ముద్ర చూసుడు బంద్ చేసే చిట్కా చెప్పే మహానుభావులున్నరు.

రెండోది కాలేజీ వైఫై. కనెక్ట్ అయితది గాని లాగిన్ పేజీల రోల్ నంబర్ కొట్టేదాక నెట్ రాదు. ఆప్ట్‌కు ఇది తెల్వదు. అది లిస్టు అడుగుతది, వైఫై డబ్బా లాగిన్ పేజీ పంపుతది. ఆప్ట్ ఆ పేజీని చూసి ఇది సంతకం పెట్టిన కాగితం కాదని, 'నోస్ప్లిట్' అని ఒక వింత మాట రాసి, నెట్‌వర్క్‌కు లాగిన్ ఏమన్న కావాల్నా అని అదే అడుగుతది. అడిగిన ప్రశ్న చదివితే జవాబు ఆడనే ఉన్నది. బ్రౌజర్ తెరిచి లాగిన్ అయితే పని అయితది. కాని ఎర్ర రాత కనపడంగనే చదువుడు ఆపి వెతుకుడు షురూ చేసుడు మనకు అలవాటైంది. తప్పు పిల్లలది అనను, ఆ రాత ఇంగ్లిష్‌ల, అదీ ఇంజినీర్ల ఇంగ్లిష్‌ల ఉంటది.

మూడోది కరెంట్. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ ఉండీ లేనట్టే. అప్‌గ్రేడ్ నడుమల కరెంట్ పోతే సామాను సగం దిగి సగం బయట ఉంటది. మల్ల ఆన్ చేస్తే 'డీప్యాకేజ్ వాజ్ ఇంటరప్టెడ్' అంటది. దాని మందు అదే రాసి ఇస్తది, ఫలానా కమాండ్ కొట్టు, మిగిలిన పని పూర్తి చేస్త అని. ఆ ఒక్క లైన్ కొడితే సర్దుకుంటది. ఇంకోసారి 'లాక్ దొరుకుతలేదు' అంటది. అంటే ఎన్కాల సిస్టమ్ తనంతట తాను సెక్యూరిటీ అప్‌డేట్లు ఎక్కించుకుంటున్నదన్నట్టు. పది నిమిషాలు ఆగితే అదే ఇడుస్తది. ఇంటర్నెట్‌ల మాత్రం 'లాక్ ఫైల్ డిలీట్ కొట్టు' అనే సలహా ముందుగాల దొరుకుతది. ఇద్దరు ఒకేసారి రాయకుండ పెట్టిన తాళం అది. దాన్ని పగలగొడితే ఏ ప్యాకేజీ ఉన్నదో, ఏది లేదో రాసిపెట్టుకున్న ఖాతా బుక్కే ఖరాబు కావచ్చు.

ఇవన్ని చిన్న బీమార్లు. పెద్దది వేరే ఉన్నది, దాంట్ల మన తప్పు ఏం లేదు. గోదామే లేచిపోవుడు.

ఉబుంటు రెండు రకాలుగ వస్తది. రెండేండ్లకోసారి వచ్చే ఎల్‌టీఎస్‌కు ఐదేండ్లు సపోర్ట్. నడుమ ఆరు నెలలకోసారి వచ్చేటియి తొమ్మిది నెలలే బతుకుతయ్. 23.10 అనే వెర్షన్ 2024 జూలైల పోయింది, 24.10 వెర్షన్ 2025 జూలైల పోయింది. పోయినంక వాటి సామాను అసలు గోదాం నుంచి తీసి 'ఓల్డ్ రిలీజెస్' అనే పాత సామాన్ల అర్రల పడేస్తరు. మన ల్యాప్‌టాప్‌కు ఆ సంగతి తెల్వది, పాత అడ్రస్‌కే పోయి 404 అని ఉత్త చేతులతోని వస్తది. పిలగానికేమో కొత్త నంబర్ కాబట్టి మంచిదని ఎవరో వేసిచ్చిన్రు. ఫోన్ల లెక్క పెద్ద నంబర్ అంటే మంచిది అనుకునుడు లినక్స్‌ల నడవది.

404 అయినా నయం, ఏదో అయిందని తెలుస్తది. 20.04 ఎల్‌టీఎస్ సంగతి ఇంకో తీరు. దాని మామూలు సపోర్ట్ 2025 మే నెలతోని అయిపోయింది. కాని దాని సామాను ఇంకా అసలు గోదాములనే ఉన్నది. అప్‌డేట్ కొడితే ఎర్ర రాత ఒక్కటి రాదు. అంతా మంచిగున్నట్టే కనిపిస్తది. కొత్త రిపేర్లు మాత్రం రావు. డీలర్ దుకాణం తెరిచే పెట్టిండు, కాంటా ఉన్నది, మనిషి ఉన్నడు, బియ్యం లారీ మాత్రం ఇగ రాదు అన్నట్టు. నా లెక్కల ఎర్ర రాత కంటే ఈ నిమ్మళం డేంజర్. ఉబుంటు వెనుకున్న కెనానికల్ కంపెనీ 'ఉబుంటు ప్రో' అని ఒకటి ఇస్తది, సొంతానికి వాడుకునేటోళ్లకు ఐదు మిషన్ల దాక ఫ్రీ. దాంతోని ఎల్‌టీఎస్‌కు మొత్తం పదేండ్లు సెక్యూరిటీ రిపేర్లు వస్తయ్. అకౌంట్ తీసి జోడించుకోవాలె, అంతే. ఈ ముచ్చట చెప్పే తెలుగు వీడియో నాకైతే కనపడలే, ముద్ర పీకుడు చెప్పేటియి మాత్రం మస్తు కనపడ్డయ్.

అప్‌డేట్ కాకుంటే ఏమైతది, సినిమాలు చూసుకోనీకి, నోట్స్ రాసుకోనీకి సాలదా అని అడుగుతరు. 2017 మేల వచ్చిన వాన్నాక్రై యాది చేసుకోండి. ప్రపంచమంతా కంప్యూటర్లను తాళం వేసి పైసలు అడిగిన వైరస్ అది. ఆంధ్రప్రదేశ్‌ల పోలీస్ శాఖ కంప్యూటర్లు కొన్ని గూడ దాని బారిన పడ్డయ్. అది దూరిన సందును మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలనే ఇచ్చింది. మందు ఉండంగనే రోగం తగిలింది. ఇప్పుడు పిలగాళ్ల ల్యాప్‌టాప్‌లల్ల సినిమాలే లేవు. స్కాలర్‌షిప్ లాగిన్ ఉన్నది, ఇంట్లోళ్ల ఆధార్ కాపీలు ఉన్నయ్, నాయిన బ్యాంకు పాస్‌వర్డ్ బ్రౌజర్‌ల సేవ్ అయి ఉన్నది.

ఇగ ఫోన్ల మీద కోడింగ్ నేర్చుకునేటోళ్ల కథ. ల్యాప్‌టాప్ కొనే తాకత్ లేక ఫోన్‌ల టెర్మక్స్ వేసుకొని పైథాన్ నేర్చుకునే పిల్లలు మన దగ్గర చానమంది ఉన్నరు, వాళ్లకు నిజంగ సలాం. టెర్మక్స్ అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌ల నడిచే చిన్న లినక్స్. గూగుల్ ఆండ్రాయిడ్ 10తోని కొత్త కట్టుబాట్లు పెట్టింది, ఆప్ తన ఫోల్డర్‌లకు దించుకున్న ప్రోగ్రాములను నేరుగ నడపొద్దు అని. టెర్మక్స్ చేసే పనే అది. దాంతోని 2020 నవంబర్ నుంచి ప్లేస్టోర్‌ల కొత్త వెర్షన్ పెట్టుడు వాళ్లకు ఆగిపోయింది. ఆపైన వాళ్ల ప్యాకేజీలు ఉంచిన బిన్‌ట్రే అనే గోదామును దాని ఓనర్ కంపెనీ 2021 మేల మూసేసింది. ప్లేస్టోర్‌ల ఉన్న పాత టెర్మక్స్ దించుకున్నోళ్లకు లేని గోదాము అడ్రసే మిగిలింది. అప్‌డేట్ కొడితే 'రిపాజిటరీ ఈజ్ అండర్ మెయింటెనెన్స్' అని వస్తది. మెయింటెనెన్స్ ఏం లేదు, ఇల్లే ఖాళీ చేసిన్రు. ఆ టైంల టెర్మక్స్ వాళ్లే ప్లేస్టోర్ వెర్షన్ ఇడ్సిపెట్టి ఎఫ్-డ్రాయిడ్ నుంచి తీసుకొమ్మని చెప్పిన్రు. ఈడ ఒక్క పిలగాడు గూడ ఏ తప్పు చెయ్యలే. ఒక పెద్ద కంపెనీ రూల్ మార్చింది, ఇంకో కంపెనీ దుకాణం మూసింది, అడవి అంచున ఉన్న ఊర్ల పైథాన్ నేర్చుకునేటోని పాఠం ఆగింది.

ఇదే అసలు రాజకీయం. అప్‌డేట్ అంటే టెక్నికల్ ముచ్చట అనుకుంటం గాని, ఎవరి మిషన్ ఎన్ని దినాలు బతకాల్నో ఎవరు తేల్చాలె అన్న ముచ్చట అది. సెంటాస్ కథ చూడండి. రెడ్‌హ్యాట్ పైసలు తీసుకొని అమ్మే లినక్స్‌కు అదే ఫ్రీ రూపం. లెక్కలేనన్ని సర్వర్లు దాని మీద నడిచినయ్. 2019ల ఐబీఎం 3,400 కోట్ల డాలర్లు పెట్టి రెడ్‌హ్యాట్‌ను కొన్నది. 2020 డిసెంబర్‌ల ఒక ప్రకటన వచ్చింది. 2029 దాక అప్‌డేట్లు వస్తయనుకున్న సెంటాస్ 8ను 2021 ఆఖరుకే బంద్ పెడుతున్నమని. ఎనిమిదేండ్ల మాట ఒక్క కాగితంతోని పోయింది. పాత సెంటాస్ 7 మాత్రం చెప్పిన టైం దాక, 2024 జూన్ 30 దాక నడిచింది. ఆ ఎన్కనే గోదాముల జాబితా చెప్పే అడ్రసే ఇంటర్నెట్‌ల లేకుండ పోయింది. యమ్ కొట్టిన ప్రతి సర్వర్ 'ఆ పేరుతోని ఎవ్వరు లేరు' అని జవాబిచ్చింది. అడ్రస్ మార్చి పాత సామాన్ల అర్రకు మలిపితే నడుస్తది గాని ఆడ కొత్త రిపేర్ ఒక్కటి రాదు. అయితే లినక్స్ కాబట్టి ఇంకోటి గూడ అయింది. సెంటాస్ మొదలుపెట్టినోళ్లల్ల ఒకరైన గ్రెగరీ కర్ట్జర్ రాకీ లినక్స్ షురూ చేసిండు, ఇంకో దిక్కు ఆల్మా లినక్స్ వచ్చింది. విండోస్ 10కు అట్లాంటి తమ్ముడు పుట్టే తొవ్వ లేదు. ఈ తేడా చిన్నది కాదు.

మనకు దగ్గరి సంగతి ఇంకోటి. 2025 జూలైల గుజరాత్ వాడినార్‌ల రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ మెయిల్, టీమ్స్ సేవలు ఆపింది. ఆ కంపెనీల రష్యా రాస్‌నెఫ్ట్‌కు వాటా ఉన్నది, యూరప్ ఆంక్షలు పెట్టింది. నయారా ఢిల్లీ హైకోర్టుకు పోయింది, కొన్ని దినాలకు సేవలు మల్ల వచ్చినయ్. పైసలు కట్టిన పెద్ద కంపెనీకే ఈ గతి. కొళాయి మన ఇంట్ల ఉన్నా వాల్వ్ ఎవని చేతుల ఉన్నది అన్నది లెక్క.

అట్లని ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ల అంతా దేవుళ్లే ఉన్నరని నేను అనను. కాలీ లినక్స్ సంగతి మన పిల్లలకు బాగ తెలుసు, ఎథికల్ హ్యాకింగ్ కోర్సు అని ఫీజు కట్టిన ప్రతోడు ముందుగాల వేసుకునేది అదే. 2025 ఏప్రిల్ ఆఖర్ల కాలీ నడిపేటోళ్లు ఒక మాట బయటపెట్టిన్రు. గోదాము మీద ముద్ర వేసే తాళంచెవి తమ చేతుల లేకుండ పోయిందని. ఎవ్వరు దొంగిలించలే, వాళ్లకే అందుబాటు పోయింది. కొత్త తాళంచెవి చేసిన్రు. దాన్ని ఎవరికి వాళ్లు చేతితోని తెచ్చి పెట్టుకోవాలె, లేకుంటే కాలీ వాడే ప్రతి మిషన్‌ల అప్‌డేట్ ఫెయిలే. 'మిస్సింగ్ కీ' అనే ఎర్ర రాత ప్రపంచమంతా పడ్డది. ఇది ఇన్ని దినాల అసలైన పరీక్ష అనిపించింది నాకు. మందు సింపుల్. కాలీ సొంత సైట్ నుంచి కొత్త తాళంచెవి ఫైల్ దించాలె, వాళ్లు సైట్ల రాసిన వేలిముద్ర నంబర్‌తోని సరిచూడాలె, పాతదాని జాగల పెట్టాలె. సెక్యూరిటీ నేర్చుకుంటున్నమనే పిల్లలల్ల గూడ కొందరు ముద్ర చూసుడే బంద్ పెట్టి నడిపిన్రు. ఆ కోర్సుల ఏం చెప్తున్నరో ఫీజు కట్టిన తల్లిదండ్రులు ఒకసారి అడగాలె.

ముద్ర ఉన్నంత మాత్రాన సామాను మంచిదే అని గూడ కాదు. 2024 మార్చిల ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్యాకేజీల దొంగ దర్వాజ దొరికింది. ఫైళ్లను కుదించే ఆ సాఫ్ట్‌వేర్‌ను ఏండ్లకేండ్లు ఒక్క మనిషి ఊరికే చూసుకున్నడు. 'జియా టాన్' అనే పేరుతోని ఇంకెవరో సాయం చేస్తమని వచ్చి, రెండేండ్లకు పైగ నమ్మకం సంపాదించి, ఆఖరికి 5.6.0, 5.6.1 వెర్షన్లల్ల విషం కలిపిన్రు. అది అసలు ముద్రతోనే వచ్చింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తన మిషన్‌ల లాగిన్ అర సెకండ్ లేటైతున్నదెందుకు అని తవ్వితే బయటపడ్డది. డెబియన్ స్టేబుల్, ఉబుంటు ఎల్‌టీఎస్ వాడేటోళ్లకు అది చేరనేలేదు, ఎందుకంటే వాళ్లు కొత్త వెర్షన్లను జల్ది తీసుకోరు. పాతదాన్నే పట్టుకొని సెక్యూరిటీ రిపేర్లు మాత్రం చేస్తరు. మెల్లగ నడిచే పెద్దమనుషుల పద్ధతి ఆనాడు కాపాడింది. అందుకే సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌ల ఎల్‌టీఎస్ తప్ప వేరేది వెయ్యొద్దని నేను మొండిగ చెప్త.

సర్కార్ల సంగతికొస్తే, సామాను లేదని ఎవ్వరు అనలేరు. కేంద్రం చేతుల సీడాక్ ఉన్నది, డెబియన్ మీద కట్టిన 'బాస్' లినక్స్ 2007 నుంచి ఉన్నది. కేరళల సర్కారు బడులు ఇరవై ఏండ్ల నుంచి ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీదనే కంప్యూటర్ పాఠాలు చెప్తున్నయ్. అక్కడ 'కైట్' అనే సర్కారు సంస్థ ఉబుంటు 22.04 మీద తన సొంత రూపం తయారుచేసి బడులకు ఇచ్చింది, టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చింది. మన హైదరాబాద్‌ల స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు తెలుగు లినక్స్ తెచ్చి గూడ ఏండ్లయింది. రెండు తెలుగు రాష్ట్రాలల్ల ఫైబర్ నెట్ పేరు మీద తీగలు గుంజిన్రు. ఆ తీగ చివరన ఉన్న బడి ల్యాబ్‌ల కంప్యూటర్ ఆఖరుసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో చెప్పే ఆఫీసర్ ఒక్కడన్న ఉన్నడా?

పెద్ద బడ్జెట్ గూడ అక్కర్లేదు. ఉబుంటు, డెబియన్ మిర్రర్ పెట్టుడంటే కొన్ని టెరాబైట్ల డిస్క్, ఒక సర్వర్, చూసుకునేటోళ్లు ఇద్దరు. స్టేట్ డేటా సెంటర్‌ల ఒక మూల సాలుతది. బడి, కాలేజీ ల్యాబ్‌లల్ల ఇంకా అలుక. ఒక్క కంప్యూటర్‌ల 'ఆప్ట్ క్యాచర్' అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ పెడితే అది ఒక్కసారి దించుకుంటది, మిగిలిన ఇరవై కంప్యూటర్లు దాని దగ్గర్నే తీసుకుంటయ్. హాట్‌స్పాట్ డేటాతోని నడిచే ల్యాబ్‌కు ఇది ప్రాణం. ముద్ర పద్ధతి ఉన్నది కాబట్టే ఇట్ల నడుమ ఎవరు పంచినా భయం లేదు. పాలిటెక్నిక్ లెక్చరర్ ఒక్కరు పూనుకుంటే ఒక్క పూటల అయ్యే పని. ఎర్రర్ మెసేజ్‌లను మన భాషల పెట్టుడు గూడ పిల్లలే చెయ్యొచ్చు. డెబియన్‌ల తర్జుమాలు చేసేది వాలంటీర్లే, దానికి ఏ కంపెనీ పర్మిషన్ అక్కర్లేదు.

జర సోంచాయించాల్సిన తేదీ ఒకటి దగ్గరికొస్తున్నది. ఉబుంటు 22.04కు మామూలు సపోర్ట్ 2027ల అయిపోతది. ఈ మధ్య మూడు నాలుగేండ్లల్ల ల్యాప్‌టాప్‌లల్ల, ఇన్‌స్టిట్యూట్లల్ల, చిన్న ఆఫీసులల్ల ఎక్కువ పడ్డది అదే. ఆనాడు ఎర్ర రాత రాదు, ఇందాక చెప్పినట్టు నిమ్మళంగనే ఉంటది. సెట్టింగ్స్‌ల కిందికి పోయి 'అబౌట్' నొక్కితే మీ వెర్షన్ కనిపిస్తది. 20.04, 22.04 ఉంటే ఉబుంటు ప్రో జోడించుకోండి, లేదంటే 24.04కు మారండి, దానికి 2029 దాక ఢోకా లేదు. మింట్ 22 గూడ దాని మీదనే కట్టిన్రు. 23.10, 24.10 సొంటి నడిమి నంబర్ ఉంటే ఫైళ్లు పెన్‌డ్రైవ్‌ల పెట్టుకొని కొత్తగ 24.04 వేసుకునుడే తక్కువ పని. ఇంతకుముందు ఎవరి వీడియో చూసో ముద్ర చూసుడు బంద్ పెట్టి ఉంటే, సోర్సెస్ ఫైళ్లు తెరిచి 'ట్రస్టెడ్' అనే మాట ఉన్నదేమో చూసి తీసెయ్యండి. తీసినంక అప్‌డేట్ కొడితే ఎర్ర రాత మల్ల వస్తది. ఈసారి దాన్ని మొత్తం చదవండి.